పాత వడ్రంగి పనిముట్లు – పునరుద్ధరణ, ప్రదర్శన: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం: వాడుకలోంచి తప్పుకున్న పాత వడ్రంగి పనిముట్టును తుప్పు వదిలించి, పదును పెట్టి మళ్ళీ పనికి తేవాలా, ఉన్నది ఉన్నట్టుగా ప్రదర్శనశాలలో ఉంచాలా అన్న ప్రశ్న సాధారణంగా సాంకేతిక ప్రశ్నగా కనిపిస్తుంది. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు చరిత్రను ఆధారం చేసుకొని చూసినప్పుడు ఇది పాలన, చట్టం, భాష కలిసిన ప్రశ్న అని తెలుస్తుంది. ఇనుము కంటే దాని పేరు, దానిని పట్టిన తీరు ముందుగా నశిస్తాయి కనుక ఏ నిర్ణయమైనా మాటను నమోదు చేసిన తరువాతే తీసుకోవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వడ్రంగం, వృత్తిపదాలు, పరిరక్షణ, భద్రాచలం, కోయ, అటవీ చట్టం, ప్రదర్శనశాల.

ప్రవేశిక

తెలుగు గ్రామంలో వడ్రంగి చేయి పడని వస్తువు అరుదు. నాగలి, కాడి, గొర్రు, బండి, దూలం, ద్వారబంధం, ఊయల, రోకలి అన్నీ అతని బాడిస కిందనుంచి వచ్చినవే. అతనికి పనిముట్లు చేసిచ్చినవాడు కమ్మరి. ఈ ఇద్దరూ ఆయగార్ల వ్యవస్థలో భాగమై, చేసిన పనికి పంట కళ్ళంలో మేర పొందినవారే. ట్రాక్టరు, విద్యుత్ రంపం, ఫ్యాక్టరీలో తయారైన తలుపు వచ్చిన తరువాత ఈ పనిలో అధికభాగం వారి చేతుల్లోంచి జారిపోయింది. పని పోయిన తరువాత పనిముట్టు మాత్రం మిగిలింది.

ఇలా మిగిలినదానిని ఏమి చేయాలన్న విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. పనిముట్టు పనికోసమే పుట్టింది కనుక దానికి మళ్ళీ పదును పెట్టి వాడడమే దానికి దక్కవలసిన గౌరవమని ఒక అభిప్రాయం. పాత పనిముట్టు చారిత్రక ఆధారం కనుక దానిమీది తుప్పు, అరుగుదల, మచ్చ కూడా సాక్ష్యాలే, వాటిని చెరపకూడదని మరొక అభిప్రాయం. రెండింటిలోనూ సత్యం ఉంది. అయితే రెండూ పనిముట్టును ఇనుము, కొయ్య కలిసిన వస్తువుగా మాత్రమే చూస్తున్నాయి. ఆ వస్తువుకు ఒక పేరు, ఆ పేరుకు ఒక ప్రాంతం, ఆ ప్రాంతానికి ఒక పాలనా చరిత్ర ఉన్నాయి. గోదావరికి ఇరువైపులా విస్తరించిన ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు ఈ అంశాలను పరిశీలించడానికి తగిన క్షేత్రం.

రెండు పాలనల మధ్య అడవి

గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వారి అధీనంలోకి వచ్చి, ఎగువ గోదావరి జిల్లాలో భాగంగా మధ్య పరగణాలలో ఉండేవి. 1874లో వాటిని మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాకు బదలాయించారు. కుడి ఒడ్డున ఉన్న పాల్వంచ, బూర్గంపాడు ప్రాంతాలు నిజాం రాజ్యంలోనే కొనసాగాయి. 1953లో వరంగల్ జిల్లా నుంచి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో చేరాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది.

అంటే దాదాపు నూట యాభై ఏళ్ళలో ఇక్కడి ఒకే ఊరు మధ్య పరగణాలు, మద్రాసు, ఆంధ్రప్రదేశ్ అనే వేరువేరు పాలనల కింద ఉండి, ఊరు కదలకుండానే జిల్లాలు మారింది. ఈ మార్పులు కాగితంమీదివి మాత్రమే కావు. ఏ అడవిలో ఏ చెట్టు కొట్టవచ్చు, ఎంత పన్ను కట్టాలి, ఏ సంతలో ఏ ఇనుము దొరుకుతుంది అన్నవన్నీ వాటితో పాటు మారాయి. 1874 బదలాయింపు తరువాత రేకపల్లి ప్రాంతంలో పోడు పన్ను దాదాపు మూడింతలు కావడం, కొన్ని అడవులలో పోడును నిషేధించడం అక్కడివారు 1879 నాటి రంప తిరుగుబాటులో చేరడానికి ముఖ్యకారణాలని చరిత్రకారులు గుర్తించారు. మధ్య పరగణాలలో కొండజాతుల పోడుకు గొడ్డలి లెక్కన పన్ను విధించిన పద్ధతి ఉండేది. ఒక ఇంట్లో ఎన్ని గొడ్డళ్ళు ఉంటే అన్ని పన్నులన్నమాట. అటువంటి పాలనలో గొడ్డలి పనిముట్టు మాత్రమే కాదు, లెక్కకు ఎక్కే ఆస్తి కూడా. పాత గొడ్డలిని ప్రదర్శనలో పెట్టి దానికింద ‘చెట్లు నరకడానికి వాడేది’ అని మాత్రమే రాస్తే ఈ చరిత్ర అంతా బయటే ఉండిపోతుంది.

ఇదే కాలంలో ఈ ప్రాంతాన్ని బయటి ప్రపంచానికి పరిచయం చేసినవారు అధికారులు, మిషనరీలు, మానవశాస్త్రజ్ఞులు. దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో వ్యాసాలు రాశారు. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రకటించిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథం కోయలకు సంబంధించి కెయిన్ రచనలను వినియోగించుకుంది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ నిజాం రాజ్యంలోని గోదావరి కనుమలలో కొండరెడ్ల మధ్య పరిశోధన చేసి 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ ప్రచురించారు. తవ్వుకోలతో సాగుచేసే కొండరెడ్ల జీవితాన్నీ, కలప, వెదురు కాంట్రాక్టర్ల కింద వారు కూలీలుగా మారిన తీరునూ ఆయన నమోదు చేశారు. సొంత ఇంటికి దూలం చెక్కుకునే చేయి కాంట్రాక్టరు కలపను కొట్టే చేయిగా మారిన కాలమది. ఆనాటి గొడ్డలికి, రంపానికి ఈ రెండు జీవితాలూ తెలుసు.

చట్టం చూపులో పనిముట్టు

పనిముట్టు చరిత్రలో అటవీ చట్టాలకు ఉన్న పాత్రను పరిరక్షణ చర్చలలో పెద్దగా పట్టించుకోలేదు. మద్రాసు వైపు 1882 నాటి అటవీ చట్టం, నిజాం వైపు 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టం అమలులో ఉండేవి. ఈ రెండింటి స్థానంలో 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. అటవీ నేరం జరిగిందని భావించినప్పుడు కలపతో పాటు ఆ నేరానికి వాడిన పనిముట్లు, తాళ్ళు, గొలుసులు, పడవలు, బండ్లు, పశువులను స్వాధీనం చేసుకునే అధికారం ఇటువంటి చట్టాలలో ఉంది. ఆ విధంగా రంపం, గొడ్డలి చట్టం దృష్టిలో నేరసాక్ష్యాలయ్యాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కును గుర్తించినా, ఆ నిర్వచనంలోకి కలప రాదు.

దీని ప్రభావం సేకరణపై పడుతుంది. అడవి అంచు గ్రామంలోని కుటుంబం తమ ఇంటి పాత కోతరంపాన్ని చూపడానికి సంకోచిస్తే దానిని అజ్ఞానంగా భావించడం పొరపాటు. తరాలుగా ఆ రంపాన్ని దాచవలసి వచ్చిన పరిస్థితి ఆ సంకోచంలో ఉంటుంది. ప్రదర్శనశాల నియమాల ప్రకారం వస్తువు ఎవరిది, ఎక్కడ, ఎప్పుడు, దేనికి వాడారు అన్న వివరాలు పూర్తిగా ఉండాలి. ఆ వివరాలే ఇచ్చినవారికి ఇబ్బంది కలిగించే అవకాశమున్న చోట వాటిలో ఏవి బహిరంగంగా ఉంచాలో, ఏవి ఉంచకూడదో సేకర్త ముందే వారితో మాట్లాడి తేల్చుకోవాలి.

మరొక చట్టం ఇందుకు పూర్తిగా భిన్నమైన దృష్టితో పనిముట్టును చూస్తుంది. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం గతకాలపు శాస్త్రం, కళ, వృత్తినైపుణ్యం, సాహిత్యం, మతం, ఆచారాలు మొదలైనవాటిని తెలిపే వస్తువు కనీసం నూరేళ్ళనాటిదైతే పురావస్తువు అవుతుంది. వృత్తినైపుణ్యం అన్న మాట ఆ నిర్వచనంలో స్పష్టంగా ఉంది. కాని ఊరి కమ్మరి చేసిన బాడిసమీద తేదీ ఉండదు, తయారీదారు ముద్ర ఉండదు. దాని వయసును చెప్పగలిగేది దానిని వాడిన కుటుంబం జ్ఞాపకమే. ‘ఇది మా తాత చేతిది’ అన్న మాటే దానికి శాసనం. కనుక చట్టపరంగా చూసినా మౌఖిక సాక్ష్యం లేకుండా పనిముట్టు విలువ స్థిరపడదు.

పేర్ల సరిహద్దు

తెలుగు పరిశోధకులకు ఇక్కడ నేరుగా పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రారంభించిన మాండలిక వృత్తి పదకోశాలలో వ్యవసాయ సంపుటి 1962లో, చేనేత సంపుటి 1971లో వెలువడ్డాయి. ఒకే వస్తువుకు వేరువేరు ప్రాంతాలలో ఉన్న పేర్లను క్షేత్రస్థాయిలో సేకరించి పక్కపక్కన పెట్టడం వాటి ప్రత్యేకత. ఆ కృషి తెలుగు మాండలికాల విభజనను గుర్తించడానికి పునాది అయింది. వృత్తిపదం మాండలిక శాస్త్రానికి ఎంత ముఖ్యమో దీనివలన తెలిసింది. అదే వృత్తిపదం వస్తు పరిరక్షణకు కూడా అంతే ముఖ్యమన్నది దీనికి కొనసాగింపుగా చెప్పదగిన మాట.

వడ్రంగి పదజాలాన్నే తీసుకుంటే కొన్ని పొరలు కనిపిస్తాయి. ఉలి అన్న మాట తమిళ, కన్నడ, మలయాళాలలో కూడా ‘ఉళి’ రూపంలో ఉంది. ఇది ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తు. కొయ్యను నునుపు చేసే సాధనాన్ని కోస్తా జిల్లాలలో చిత్రిక అంటే, తెలంగాణలో రంద అంటారు. రంద ఉర్దూ ద్వారా వచ్చిన పారసీ మాట. మూలను సరిచూసే మూలమట్టాన్ని తెలంగాణ పనివారు గునియా అంటారు. ఈ మాట పారసీలోకి అరబ్బీతో పాటు గ్రీకు మూలం నుంచి వచ్చింది. రంధ్రం వేసే బరమా ఉత్తరాది భాషలతో ఉమ్మడి పదం. నిజాం పాలన, మద్రాసు పాలన ఎదురెదురుగా నిలిచిన గోదావరి ఒడ్డున ఒకే సాధనాన్ని పిలవడానికి ఈ రెండు సంప్రదాయాల మాటలూ అందుబాటులో ఉండేవి. 1965లో భద్రాచలం వంతెన రావడానికి ముందు ఈ రెండు ఒడ్ల మధ్య రాకపోకలు పడవలమీదనే సాగాయి. వీటికి తోడు కోయ భాష ఉంది. గోదావరి ఒడ్డున ఉండే గొమ్ము కోయల మాండలికానికి స్టీఫెన్ టైలర్ 1969లో వ్యాకరణం ప్రకటించారు. అయినా వడ్రంగానికి సంబంధించిన కోయ పదజాలం సేకరణ ఇంకా విస్తృతంగా జరగవలసి ఉంది.

ప్రదర్శనశాలలో పేరుపలక రాసేటప్పుడు ఈ విషయం నిర్ణయాత్మకమవుతుంది. కుడి ఒడ్డు గ్రామం నుంచి వచ్చిన సాధనానికి ‘చిత్రిక’ అని మాత్రమే రాస్తే ప్రామాణిక భాష నిలుస్తుంది గాని సరిహద్దు చరిత్ర చెరిగిపోతుంది. ‘రంద’ అని రాసి, ఏ ఊరిలో ఎవరి నోట విన్నదో తెలిపి, ఎదుటి ఒడ్డున దానికున్న మరో పేరును చేర్చితే ఆ చిన్న పలకే ఒక చారిత్రక పత్రమవుతుంది. సాహిత్య విమర్శలో ‘చిత్రిక పట్టడం’ అన్న నుడికారం నేటికీ నిత్యవ్యవహారంలో ఉంది. ఆ నుడికారాన్ని వాడే పాఠకులలో చాలామంది చిత్రికను చూసి ఉండరు. మాట బతికి, వస్తువు కనుమరుగైన సందర్భమిది. వస్తువు మిగిలి, దాని పేరు పోయిన సందర్భాలు ఇంతకంటే ఎక్కువ. వాటికి నిఘంటువులో చోటు ఉండదు కనుక ఆ నష్టం కంటికి కనిపించదు.

సురవరం ప్రతాపరెడ్డి 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ను కావ్యాలలోని వస్తువుల పేర్లు, ఆచారాల ప్రస్తావనల ఆధారంగా నిర్మించి చూపారు. మాట ద్వారా వస్తువును చేరే మార్గం అది. పనిముట్ల విషయంలో వస్తువు ద్వారా మాటను చేరే మార్గం కూడా తెరిచి ఉంది. కాని ఆ మార్గానికి కాలపరిమితి ఉంది. వస్తువును చూసి పేరు చెప్పగల వ్యక్తి జీవించి ఉన్నంతవరకే అది సాధ్యం.

తుప్పు, పదును, పిడి

పునరుద్ధరణ పేరుతో ఏమి పోతుందో, ప్రదర్శన పేరుతో ఏమి మిగలదో తెలియాలంటే పనిముట్టు నిర్మాణాన్ని కొంత దగ్గరగా చూడాలి. ఇనుముమీద తుప్పు అంతా ఒక రకం కాదు. రాలిపోయే ఎర్రని పొడి తుప్పు లోహాన్ని తింటూనే ఉంటుంది. దానిని ఆపకపోతే గోదావరి లోయలోని వానాకాలపు తేమలో వస్తువు మిగలదు. గట్టిగా అంటుకుపోయిన ముదురు రంగు పొర అటువంటిది కాదు. అది చాలావరకు నిలకడగా ఉండి కింది లోహాన్ని కాపాడుతుంది. తీగ బ్రష్షుతో, ఆమ్లంతో రెండింటినీ కలిపి తొలగించినప్పుడు కమ్మరి సుత్తి దెబ్బల గుర్తులు, చివరిసారి సాన పట్టిన గీతలు కూడా పోతాయి. విద్యుత్ సానపై పదును పెట్టేటప్పుడు ఇనుము నీలిరంగు తిరిగేంత వేడెక్కితే కమ్మరి పెట్టిన పదును గుణమే చెడిపోతుంది. అప్పుడు ఆ వస్తువు ఆధారంగానూ మిగలదు, పనికీ రాదు.

తెలంగాణ ఉక్కు చరిత్ర ఈ జాగ్రత్తను మరింత అవసరం చేస్తున్నది. కోనసముద్రం, నిర్మల్ ప్రాంతాలలో మూసలలో తయారైన ఉక్కు విదేశాలదాకా ప్రసిద్ధి పొందినది. ఒక పాత ఉలి స్థానికంగా కరిగించిన ఇనుముతో చేసినదా, దిగుమతి ఉక్కుతోనా, రైలు పట్టా ముక్కతోనా అన్నది లోహపరీక్ష ద్వారా తెలుసుకోవచ్చు. అరగదీసి మెరుగు పెట్టిన తరువాత ఆ అవకాశం తగ్గిపోతుంది.

రంపం పళ్ళ వాలు మరొక ఉదాహరణ. సంప్రదాయ భారతీయ చేతిరంపాలలో చాలావాటికి పళ్ళు పిడివైపు వాలి ఉంటాయి. తమవైపు లాగేటప్పుడు కోత పడుతుంది. నేలమీద కూర్చొని, కొయ్యను కాళ్ళతో అదిమి పట్టి పనిచేసే భంగిమకు అది అనుకూలం. బల్లమీద పెట్టి ముందుకు తోసే పద్ధతికి అలవాటుపడిన వ్యక్తి ఆ రంపాన్ని బాగుచేస్తూ ఆకురాయితో పళ్ళను ఎదుటివైపు తిప్పితే రంపం కోస్తుంది. కాని ఒక జాతి పనిచేసిన భంగిమ దానిలోంచి తొలగిపోతుంది. బాడిస అంచు ఒకవైపే ఎక్కువ అరగడం, ఉలి తల కొడతి దెబ్బలకు చితకడం కూడా ఇటువంటి రాతలే.

పిడి విషయం కొంత వేరు. గొడ్డలి కామ విరగడం, మార్చడం దాని జీవితంలో మామూలు. గట్టిదనానికి పేరుపడిన చిరుమాను వంటి అడవి కొయ్యతో కొత్త కామ వేయడం నకిలీ చేయడం కాదు, సంప్రదాయాన్ని కొనసాగించడమే. అయితే అరచేతి ఒరిపిడికి నునుపు తేలిన పాత పిడి మిగిలి ఉంటే, దానిని తొలగించి అందంగా కనిపించే కొత్త పిడి తొడగడం సమర్థనీయం కాదు. తుప్పు ఆపడానికి సంరక్షకులు వాడే టానిక్ ఆమ్లం ఇనుముతో కలిసి నలుపు పొర ఏర్పరుస్తుంది. కరక్కాయ కషాయం, అన్నభేది కలిపి సిరా చేసుకున్న లేఖకులకు, కలంకారీ నలుపు అద్దకాలకు తెలిసిన చర్య కూడా ఇదే. ఒకే రసాయనం ఒకచోట అక్షరాన్ని, మరొకచోట ఇనుమును నిలిపింది.

మరొక పరిమితిని కూడా గుర్తించాలి. బాగా పనిచేసిన ఉలి సాన పట్టిపట్టి పొట్టిదై చివరకు కొలిమిలో కరిగి మరో వస్తువుగా మారుతుంది. బాగా కుదరనిది, అరుదుగా వాడినది మూలపడి మిగులుతుంది. కనుక నేడు దొరికే పాత పనిముట్లు ఆనాటి పనితనానికి సంపూర్ణ ప్రతినిధులు కావు. ఉత్తమ పనిముట్లు తమ పనిలోనే ఖర్చయిపోయాయి. ఈ లోటును కూడా పూరించగలిగేది పనివాడి మాటే.

ఆయుధపూజ, అద్దాల అర

పనిముట్టును శుభ్రం చేయకూడదన్న సిద్ధాంతానికి వృత్తికులాల ఆచారం అడ్డుగా నిలుస్తుంది. దసరా నాడు పనిముట్లను కడిగి, తుప్పు తీసి, నూనె రాసి, పసుపు కుంకుమలతో పూజించడం తెలుగు పనివారి సంప్రదాయం. ఏటేటా జరిగే పునరుద్ధరణ అది. ఆ రోజున మెరుగు పెట్టని పనిముట్టు వారి దృష్టిలో నిర్లక్ష్యానికి గురైనది. తుప్పుతోనే అద్దాల అరలో ఉంచినప్పుడు పరిశోధకుడికి అది ప్రామాణికతగా, ఆ ఇంటి వారసుడికి అవమానంగా కనిపించవచ్చు.

హైదరాబాదులోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం, భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాంగణంలోని గిరిజన మ్యూజియం తెగల వస్తుసంస్కృతిని ప్రజలకు చూపుతున్నాయి. జయధీర్ తిరుమలరావు దశాబ్దాల కృషితో సేకరించిన జానపద, గిరిజన వస్తువులు ‘ఆద్యకళ’గా ప్రసిద్ధమయ్యాయి. ఇటువంటి కృషి లేకపోతే ఎన్నో వస్తువులు పాత ఇనుము ధరకు అమ్ముడై ఉండేవి. అయితే ప్రదర్శన పద్ధతికి సహజంగానే ఒక పరిమితి ఉంది. గోడకు తగిలించిన బాడిస ఆకారాన్ని చూపుతుంది గాని, దాని వేటు లోతును చేయి ఎలా అదుపు చేసిందో చూపదు. తాడు లేని బరమా మొనదేరిన కర్రగా మాత్రమే కనిపిస్తుంది. తెలుగులో ‘ముట్టు’ అన్న క్రియకు తాకడమని అర్థం. నామవాచకంగా దానికి సాధనమన్న అర్థాన్నీ నిఘంటువులు ఇచ్చాయి. ఈ రెండింటి మధ్య వ్యుత్పత్తి సంబంధాన్ని నిరూపించడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. కాని తాకరాదన్న నియమం కింద ఉన్న పనిముట్టు తన అర్థంలో సగం కోల్పోతుందన్నది అనుభవంలో ఉన్నదే.

ఇతర దేశాలలో ఈ పరిమితిని దాటడానికి ప్రయత్నాలు జరిగాయి. ఫ్రాన్స్‌లోని ట్రోయ్ నగరంలో 1974లో ప్రారంభమైన పనిముట్ల మ్యూజియం వేల పనిముట్లను వృత్తుల వారీగా ఒకచోట చేర్చింది. జపాన్‌లోని కోబే నగరంలో 1984లో స్థాపితమైన తకెనాకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం పనిముట్టుతో పాటు పనితీరును కూడా చూపుతుంది. జపాన్‌లోనే ఇసే ఆలయాన్ని ఇరవయ్యేళ్ళకొకసారి కొత్తగా నిర్మిస్తారు. అక్కడ కాపాడుతున్నది పాత కొయ్యను కాదు, దానిని చెక్కే జ్ఞానాన్ని. 2003లో యునెస్కో ఆమోదించి, 2005లో భారతదేశం అంగీకరించిన అవ్యక్త సాంస్కృతిక వారసత్వ ఒడంబడిక సంప్రదాయ వృత్తినైపుణ్యాన్ని రక్షించదగిన వారసత్వంగా గుర్తించింది. అయితే ఈ నమూనాలకు సంపన్న సంస్థల ఆధారం ఉంది. అడవి అంచు గ్రామానికి సరిపడే పద్ధతిని స్థానిక పరిస్థితుల నుంచే రూపొందించుకోవాలి.

నిర్ణయక్రమం

పై పరిశీలన నుంచి తేలే మొదటి విషయం క్రమానికి సంబంధించినది. తుప్పును ఆరునెలలు ఆలస్యంగా ఆపినా చాలా సందర్భాలలో వస్తువు దక్కుతుంది. పేరు, పనితీరు తెలిసిన వృద్ధుడు లేకపోతే అవి మళ్ళీ దొరకవు. కనుక శుభ్రపరచడానికి, తరలించడానికి ముందే పనిముట్టు పేరును విన్నది విన్నట్టుగా నమోదు చేయాలి. దాని భాగాల పేర్లు, దానితో చేసే పనులకు వాడే క్రియలు, చేసిన కమ్మరి ఊరు, వాడిన కొయ్య, పట్టే భంగిమ ఈ నమోదులో ఉండాలి. కోయ వంటి భాషలలో పేరు చెప్పినప్పుడు దానికి తెలుగు పర్యాయం ఇచ్చి వదిలేయక మూలరూపాన్నే రాయాలి.

రెండవది, పనిముట్టుకు నేడు వాడుకదారు ఉన్నాడా అన్న ప్రశ్న. వారసుడు దానితో పని చేయదలిస్తే దానిని కొలిచి, ఫోటో తీసి అతనికే వదిలేయడం మంచిది. కొలిమిలో దానికి పదును పడడం నష్టం కాదు, దాని చరిత్రలో తరువాతి అధ్యాయం. ప్రదర్శనశాలకు నమోదు మిగులుతుంది, ఊరికి పని మిగులుతుంది.

మూడవది, వాడుకదారు లేకపోయినా పని తెలిసినవారు ఉన్న సందర్భం. ఇక్కడ మూలవస్తువుకు పదును పెట్టనవసరం లేదు. అదే కొలతలతో ఊరి కమ్మరి చేత కొత్త పనిముట్టు చేయించి, తెలిసిన వ్యక్తి చేత పని చేయించి చిత్రీకరించవచ్చు. మూలవస్తువుకు తుప్పు ఆపే కనీస చికిత్స చాలు. ఆ చికిత్స అవసరమైతే తిరిగి తొలగించగలిగినదై ఉండాలి. ఈ పద్ధతిలో కమ్మరికి ఒక పని దొరుకుతుంది, తయారీ జ్ఞానం కూడా నమోదవుతుంది.

నాలుగవది, వాడేవారు గాని, తెలిసినవారు గాని లేని పనిముట్టు. దీనిని ఏమాత్రం మార్చకూడదు. రేపటి పరిశోధకుడు దాని అరుగుదల నుంచి ఏదైనా చదవగలిగే అవకాశం దానిలోనే ఉంది. పేరుపలకమీద ఊహించిన పేరు రాయడం కంటే, సేకరణ నాటికి పేరు చెప్పగలవారు లేరని రాయడం నిజాయితీ.

ఈ క్రమానికి ఒక మినహాయింపు ఉంది. పూజలో భాగమైన పనిముట్టు విషయంలో నిర్ణయం ఆ కుటుంబానిది, ఆ సమాజానిది. దసరాకు దానిని బయటకు తీసి మెరుగు పెట్టే హక్కు వారికి ఉండేలా ప్రదర్శనశాల ఒప్పందం చేసుకోవచ్చు. అప్పుడు సంరక్షకుడు కొన్ని గీతలను కోల్పోతాడు. కాని ఆ వస్తువు ఎవరిదో వారితో దానికి ఉన్న బంధం తెగదు.

ఈ విభజనపై ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. క్షేత్రంలో ఇంత వివరంగా నమోదు చేయడానికి సమయం, మనుషులు ఎక్కడ అన్నది అది. పోలవరం ముంపు మండలాలలో కోయ, కొండరెడ్డి కుటుంబాలు ఇళ్ళు వదిలి పునరావాస కాలనీలకు మారవలసి వచ్చిన పరిస్థితిలో ఈ ఆక్షేపణకు బలం ఉంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు బియ్యం, బట్టలు, కాగితాలు ముందు బండి ఎక్కుతాయి. అటకమీది పాత రంపం వెనక ఉండిపోతుంది. అడవికి దూరమైన కొత్త ఇంట్లో దానికి పని కూడా ఉండదు. అయితే ఈ కారణంగానే నమోదుకు ప్రాధాన్యం పెరుగుతున్నది. వస్తువులను తరలించడానికి వాహనం, గది, నిధులు కావాలి. పేర్లను, మాటలను నమోదు చేయడానికి ఒక పరిశోధక విద్యార్థి, ఒక రికార్డరు, ప్రశ్నావళి చాలు. వృత్తి పదకోశాల కాలం నుంచి తెలుగు శాఖలకు ఈ పని పరిచితమైనదే.

ఉపసంహారం

పునరుద్ధరణ, ప్రదర్శన పరస్పర విరుద్ధమైనవని భావించడం వలన చర్చ ఇనుము దగ్గరే ఆగిపోయింది. భద్రాచలం అటవీ సరిహద్దులో గొడ్డలి ఒకనాడు పన్ను లెక్క, మరొకనాడు నేరసాక్ష్యం, ఎప్పుడూ జీవనాధారం. రంద, చిత్రిక అన్న రెండు పేర్లలో రెండు రాజ్యాలు ఉన్నాయి. ఈ చరిత్రను తుప్పు కాపాడలేదు, మెరుగూ కాపాడలేదు. కాపాడగలిగేది ఆ పనిముట్టును గురించి మాట్లాడగలవారి మాట మాత్రమే.

కనుక పాత పనిముట్టు ఎదుట మొదట వేయవలసిన ప్రశ్న దానికి పదును పెట్టాలా, అద్దంలో పెట్టాలా అన్నది కాదు. దీనిని ఏమంటారు, దీనితో ఎలా పని చేస్తారు అని చెప్పగలవారు ఇంకా ఉన్నారా అన్నది. ఉన్నారని తెలిసినప్పుడు ప్రదర్శనశాల సంరక్షకుడి కంటే ముందు తెలుగు పరిశోధకుడు అక్కడికి చేరాలి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలోనూ, ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ముంపు మండలాలలోనూ వడ్రంగి, కమ్మరి వృత్తిపదాలను తెలుగు, కోయ భాషలు రెండింటిలో కలిపి సేకరించడం తెలుగు శాఖలు, గిరిజన మ్యూజియంలు ఉమ్మడిగా చేపట్టదగిన తొలి పని. రాష్ట్రాల సరిహద్దు మారినా ఆ పదజాలం ఒకటే కనుక సేకరణ కూడా సరిహద్దు దగ్గర ఆగకూడదు.